నా మంచం కింద ఏడు పాత బ్యాట్లు

హాస్టల్‌లో నా రూమ్‌కి కొత్తగా వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే. "ఏందన్నా, మంచం కింద ఈ కట్టెలు?" మొదట్లో ఓపికగా చెప్పేవాణ్ని. ఇప్పుడు "చలికాలంలో మంటేసుకోవడానికి" అంటున్నా. మన క్లబ్ ఎడిటర్ మాత్రం వదల్లేదు. "వాటి గురించే రాయి, ఈ సంచికలో ప్రేమ కవితలు ఎక్కువైపోయినయ్" అన్నాడు. (ఎడిటర్ గారూ, ఈ లైన్ తీసేయొద్దు.)

అవి కట్టెలు కావు, మ్యాచ్‌ల్లో ఆడిన బ్యాట్లు. మొత్తం ఏడు. అందులో ఒకటి శుద్ధ మోసం, ఒకటి నా చేతులారా పాడుచేసుకున్నది. మిగతా ఐదూ మా మణుగూరు ఏరియా జట్టుకి ఆడినవాళ్ల ఇళ్లల్లోంచి వచ్చినవి. అటక మీది నుంచి, కోళ్ల గంప పక్క నుంచి, ఒకటైతే బట్టలుతికే రాయి దగ్గర నుంచి. అవును, దానితో దుప్పట్లు బాదేవాళ్లు.

ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకోకండి. అమెరికాలో బేస్‌బాల్ బ్యాట్ల మీద ఇది పెద్ద వ్యాపారం. బేబ్ రూత్ అనే ఆటగాడు 1923లో యాంకీ స్టేడియంలో మొట్టమొదటి హోమ్ రన్ కొట్టిన బ్యాట్ 2004 వేలంలో 12 లక్షల డాలర్లు దాటి పోయింది. అక్కడ వాళ్లకున్న సౌకర్యం ఏంటంటే, లూయీవిల్ స్లగ్గర్ లాంటి కంపెనీలు ఏ ఆటగాడికి ఎంత పొడవు, ఎంత బరువు బ్యాట్లు ఎప్పుడు పంపామో ఫ్యాక్టరీలో రాసిపెట్టుకున్నాయి. చేతిలో ఉన్న బ్యాట్‌ని ఆ రికార్డుతో పోల్చి చూసుకోవచ్చు. పైగా బేస్‌బాల్ బ్యాట్ అంటే ఒకే చెక్క. మన క్రికెట్ బ్యాట్ అలా కాదు. ఒక చెట్టు చెక్క, ఇంకో మొక్క బెత్తం, జిగురు, దారం, రబ్బరు అన్నీ కలిస్తేనే అది బ్యాట్. ఏది ఒరిజినలో ఏది తర్వాత మార్చిందో తేల్చడమే సగం పని.

మన దగ్గర ధర పలికిందంటే ధోనీ బ్యాటే. 2011 ఏప్రిల్ 2న ఫైనల్లో 91 నాటౌట్ కొట్టి, ఆఖరి సిక్స్ లేపిన బ్యాట్‌ని అదే ఏడాది జులైలో లండన్‌లో ఒక ఛారిటీ వేలంలో పెడితే లక్ష పౌండ్లు వచ్చాయి. పుణెలో 'బ్లేడ్స్ ఆఫ్ గ్లోరీ' అని ఒక మ్యూజియమే ఉంది, గోడల నిండా ఆటగాళ్లు వాడిన సామాన్లు. సింగరేణి ఉద్యోగి కొడుకుని, మెస్ బిల్లు కట్టడానికే రెండుసార్లు ఫోన్ చేసేవాణ్ని, నాకు వాటితో ఏం పని? నా టీమ్ హైదరాబాద్. అది కూడా సన్‌రైజర్స్ కాదు, రంజీ హైదరాబాద్. మా నాన్న నుంచి వచ్చిన జబ్బు అది.

ఆ జట్టు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టింది హైదరాబాద్ ఆటగాడే, సయ్యద్ మహమ్మద్ హాదీ, 1934-35లో. 1937-38లో హైదరాబాద్ మొదటిసారి కప్పు గెలిచింది. ఫైనల్లో నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో. ఎడ్డీ ఐబారా 137 నాటౌట్‌గా నిలబడి గట్టెక్కించాడు. ఆ తర్వాత జైసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ, మన దగ్గరికొచ్చి ఆడిన పటౌడీ... ఇంతమంది మహామహులున్నా రెండో కప్పుకి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో, ఢిల్లీ గడ్డ మీదే ఢిల్లీని తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో ఓడించి తెచ్చారు. అబ్దుల్ అజీమ్ తమిళనాడు మీద 303 నాటౌట్ కొట్టింది ఆ సీజన్‌లోనే. మా నాన్నకి అప్పుడు పద్నాలుగేళ్లు. రేడియోకి చెవి ఆనించి విన్న స్కోర్లు ఇప్పటికీ అప్పజెప్తాడు. నా పుట్టినరోజు తేదీ మాత్రం అమ్మని అడుగుతాడు.

ఇక అసలు కథ, అంటే నేను మోసపోయిన కథ. ఫస్టియర్ రెండో సెమ్ అయిపోయాక హైదరాబాద్‌లో ఆదివారం పాత సామాన్ల బజార్లు తిరుగుతున్నా. ఒకాయన బ్యాట్ బయటికి తీశాడు. "86 రంజీ టీమ్ ది తమ్ముడూ, పదకొండు మంది సంతకాలు" అన్నాడు. ఎనిమిది వేలు చెప్పాడు, బేరం ఆడి నాలుగున్నర వేలకి తెచ్చా. ఆ డబ్బు సెమిస్టర్ ఫీజులోది. నాన్నకి సర్ప్రైజ్ ఇద్దామని రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పక్కన పడుకోబెట్టుకుని మరీ తీసుకెళ్లా.

నాన్న దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. గ్రిప్ కొంచెం పైకి చుట్టాడు. హ్యాండిల్ కింద, గ్రిప్ కప్పేసిన చోట స్టిక్కర్ చివర ఒక లైన్ ఉంది. డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ డాట్.

1986లో వెబ్‌సైట్!

"టీ తాగుతావా?" అన్నాడు నాన్న. అంతే, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ నాలుగున్నర వేలు సర్దడానికి ఆయన రెండు ఆదివారాలు ప్లే డే డ్యూటీ చేశాడని తర్వాత అమ్మ చెప్పింది.

ఆ దెబ్బతోనే బ్యాట్‌ని చదవడం నేర్చుకున్నా. అది మీకూ చెప్తా. ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు మీకూ జైసింహ బ్యాట్ అమ్మజూపుతాడు.

మొదట చూడాల్సింది ఆకారం. బ్యాట్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించకూడదనే రూల్ 1771 నాటిది. థామస్ వైట్ అని ఒకడు వికెట్లంత వెడల్పు బ్యాట్ పట్టుకొని దిగాడు, దాంతో అవతలి జట్టు గొడవ చేసింది, రూల్ పుట్టింది. పొడవు 38 అంగుళాలు దాటకూడదు. ఈ రెండూ పాతవే కాబట్టి వాటితో వయసు తెలియదు. వయసు తెలిసేది అంచుల్లో. జైసింహ ఆడిన అరవైల్లో బ్యాట్లు తేలిగ్గా, అంచులు సన్నగా ఉండేవి. ఇప్పటి బ్యాట్లు అంచులే చెయ్యి మందం. 2017 అక్టోబర్ నుంచి అంచు 40 మిల్లీమీటర్లు, మొత్తం మందం 67 మిల్లీమీటర్లు మించకూడదని రూలే పెట్టాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల అంచున్న బ్యాట్‌ని పట్టుకొని "ఇది పటౌడీది" అంటే వెర్నియర్ కాలిపర్ తీయండి. ల్యాబ్ తర్వాత నేను దాన్ని ఇంకెక్కడైనా వాడానంటే ఇక్కడే.

తర్వాత స్టిక్కర్లు. బాగా పాత బ్యాట్ల మీద స్టిక్కర్ ఉండదు, కంపెనీ ముద్ర చెక్క మీదే కొట్టేవాళ్లు. ఆ పైన చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. స్టిక్కర్ మీద ఉన్న పేరు, బ్యాట్ తయారు చేసినవాళ్లది కానక్కర్లేదు. ఎంఆర్‌ఎఫ్ టైర్ల కంపెనీ. సచిన్ బ్యాట్ మీద ఉన్నది ప్రకటన, తయారీదారు ముద్ర కాదు. 1996 వరల్డ్ కప్‌లో సచిన్ ఆడిన బ్యాట్ మీద అసలు ఏ స్టిక్కరూ లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో నైరోబీలో అఫ్రిది 37 బంతుల్లో సెంచరీ కొట్టింది కూడా సచిన్ బ్యాట్‌తోనే. అచ్చం అలాంటిదే సియాల్‌కోట్‌లో చేయించమని వకార్ యూనిస్ చేతికి వచ్చిన బ్యాట్ అది. ఆ బ్యాట్ ఎవరిది అనాలి? సచిన్‌దా, అఫ్రిదిదా? మా రూమ్‌లో దీని మీద ఒక రాత్రంతా గొడవైంది. కాబట్టి స్టిక్కర్ చూసి పేరు చెప్పేవాణ్ని నమ్మొద్దు. స్టిక్కర్ చింపి ఇంకోటి అంటించడం ఐదు నిమిషాల పని.

అంటించలేనివి రేఖలు. బ్యాట్ ముఖం మీద నిలువుగా కనిపించే గీతలు చెట్టు వయసు వలయాలే, గీతకి ఒక ఏడాది. విల్లో చెట్టుని పదిహేను ఇరవై ఏళ్లకే కొట్టేస్తారు కాబట్టి బ్యాట్ మీద మహా అయితే పది పన్నెండు గీతలుంటాయి. ఏ రెండు బ్యాట్ల గీతలూ ఒకేలా ఉండవు, వేలిముద్రల్లాగ. పెద్ద ఆటగాళ్ల బ్యాట్లని నిర్ధారించేవాళ్లు మ్యాచ్ ఫోటోని పెద్దది చేసి, ఈ గీతలు, ముడులు, పగుళ్లు ఒక్కొక్కటీ పోల్చి చూస్తారు. మన రంజీ మ్యాచ్‌లకి అంత దగ్గరి ఫోటోలు తక్కువ, అదే చిక్కు. శ్రీధర్ 366 కొట్టిన మ్యాచ్ ఉంది చూడండి, 1993-94లో ఆంధ్ర మీద, హైదరాబాద్ 6 వికెట్లకి 944 చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో శ్రీధర్ ట్రిపుల్, వివేక్ జైసింహ, నోయల్ డేవిడ్ డబుల్స్. ఆ మూడు బ్యాట్లలో ఒకటి రేపు బజార్లో దొరికినా, పోల్చడానికి ఫోటో లేకపోతే అది మామూలు పాత బ్యాటే. 1999-2000 సెమీఫైనల్లో లక్ష్మణ్ కర్ణాటక మీద 353 కొట్టిన బ్యాట్ సంగతీ అంతే.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైనవి మచ్చలు. లెదర్ బంతి తగిలితే ఎర్రటి మరక పడుతుంది, దాంట్లో సన్నగా కుట్టు అచ్చు కూడా కనిపిస్తుంది. కార్క్ బాల్ అయితే కుట్టు ఉండదు, గుండ్రటి లోతైన గుంట పడుతుంది. టెన్నిస్ బాల్ అయితే పచ్చటి నూగు అంటుకుని మురికి తేలుతుంది. నా 'రంజీ' బ్యాట్ మీద ఉన్నదంతా ఈ మూడోదే! ఫైనల్ ఆడింది ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో. మరకలు ఎక్కడున్నాయనేది కూడా చూడాలి. బాగా ఆడేవాడి మరకలన్నీ కింది కొస నుంచి నాలుగైదు అంగుళాలు వదిలి, ఆ పైన ఒక జానెడు మేరలో గుంపుగా ఉంటాయి. అక్కడ తగిలితే చేతికి అదురు తెలియదు, బంతికి ఎక్కువ శక్తి పోతుంది. మనం వైబ్రేషన్స్‌లో నోడ్ అని చదువుకున్నది అదే. పదకొండో నంబర్‌వాడి బ్యాట్‌కి అంచుల మీద, వెనక, చివరికి హ్యాండిల్ భుజం మీద కూడా మరకలుంటాయి.

హ్యాండిల్ గురించి మనవాళ్లకి ఒక ముక్క చెప్పాలి. మొదట్లో బ్యాట్ మొత్తం ఒకే చెక్క, కొడితే చేతులు జివ్వుమనేవి. 1880ల్లో చార్లెస్ రిచర్డ్‌సన్ అనే ఆయన బెత్తం హ్యాండిల్‌ని కోసుగా చెక్కి బ్లేడులోకి దించే పద్ధతి తెచ్చాడు. ఆయనెవరనుకున్నారు? బ్రూనెల్ శిష్యుడు, ఇంగ్లండ్‌లో సెవర్న్ నది కింద రైలు సొరంగానికి చీఫ్ ఇంజినీర్. మన సివిల్ బ్రాంచివాడు! ఆ జాయింట్ దగ్గర జిగురు రంగు, దారం చుట్టిన తీరు చూస్తే హ్యాండిల్ మార్చారో లేదో తెలుస్తుంది. మార్చి ఉంటే తప్పేం కాదు, బాగా ఆడిన బ్యాట్‌కే హ్యాండిల్ మార్చాల్సొస్తుంది.

ఇదంతా నేర్చుకున్నాక హైదరాబాద్ జట్టు బ్యాట్ కొనే స్తోమత నాకు ఈ జన్మలో రాదని అర్థమైంది. అప్పుడు నాన్నే అన్నాడు. "అంత దూరం ఎందుకురా, మన టీమ్ బ్యాట్లు ఎవరికీ అక్కర్లేక పడున్నయ్ గదా."

మా ఊరు తెలియనివాళ్లకి: మణుగూరు అంటే అడవి అంచున, గోదారికి దగ్గరలో బొగ్గు ఊరు. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. చుట్టూ టేకు, మద్ది, వెదురు. విల్లో చెట్టు మాత్రం ఒక్కటీ లేదు. చిన్నప్పుడు టేకు చెక్కతో బ్యాట్ చేయించుకునేవాళ్లం, విల్లో కన్నా ఎంతో బరువు, రెండు ఓవర్లకే భుజాలు దిగేవి. (ఆ టేకు ఎక్కడిదని ఫారెస్టోళ్లు అడిగితే సమాధానం ఉండదు కాబట్టి ఇక్కడితో ఆపుతా.) నిజమైన విల్లో బ్యాట్ అంటే మీరట్ నుంచో జలంధర్ నుంచో రావాల్సిందే, అదీ ఎక్కువగా కశ్మీరీ విల్లో.

సింగరేణిలో వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అని ఉంది, దాని కింద ఏరియాల మధ్య పోటీలు జరుగుతాయి. కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, రామగుండం, మణుగూరు. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి, స్నానం చేసి, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీస్. మా నాన్న ఆ జట్టుకి వికెట్ కీపరు. మ్యాటింగ్ మీద ఆట. కొబ్బరి పీచు చాప పరిచి మేకులు కొట్టి బిగిస్తారు. అందుకే మా బ్యాట్ల అడుగు భాగం మామూలు బ్యాట్లలా మట్టి రంగులో కాకుండా, చాపకి రాసుకుని రాసుకుని నార తేలి ఉంటుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. గ్రిప్ తీసి చూస్తే లోపల దారం నల్లగా ఉంటుంది. చెమటతో కలిసిన బొగ్గు దుమ్ము. ఓపెన్ కాస్టు ఉన్న ఊళ్లో ఆరేసిన చొక్కా మీద పడే దుమ్ము బ్యాట్ మీద పడదా? ఏ నకిలీవాడూ దీన్ని తయారు చేయలేడు, చేయాలన్న ఆలోచన కూడా రాదు.

పెద్ద ఆటగాళ్ల బ్యాట్లకీ వీటికీ అసలు తేడా ఇంకొకటి. ఇవి ఏ ఒక్కరివీ కావు. కిట్ బ్యాగ్‌లో మంచి బ్యాట్లు రెండో మూడో ఉండేవి. ఔటై వచ్చినవాడు గడప దగ్గర చెప్పులు మార్చుకున్నట్టు బ్యాట్ ఇచ్చేసి వెళ్లేవాడు. కాబట్టి ఒకే బ్యాట్ మీద ఓపెనర్ మరకలూ ఉంటాయి, పదకొండో నంబర్‌వాడి మరకలూ ఉంటాయి. నేనైతే వాటిని విడదీసి చదవడం మానేశా.

ఇప్పుడు నేను పాడుచేసిన దాని గురించి చెప్పాలి. ఎడిటర్ అడక్కపోతే రాసేవాణ్ని కాదేమో.

ఆ జట్టుకి చాలా ఏళ్లు కెప్టెన్‌గా ఉన్నాయన మా నాన్న దోస్తు, నేను పెదనాన్న అని పిలుస్తా. డంపర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. సెకండియర్ దసరా సెలవుల్లో మొదటిసారి వెళ్లి అడిగితే, బాత్‌రూమ్ బయట నీళ్లు కాగబెట్టే పొయ్యి పక్కన ఉన్న బ్యాట్ తీసి చేతిలో పెట్టాడు. "ఇంకో రెండు రోజులు ఆగితే మీ పెద్దమ్మ పొయ్యిలో పెట్టేది" అని నవ్వాడు. నేను ఎగిరి గంతేశా. ఇంటికి తెచ్చి చూస్తే మసి, నూనె జిడ్డు, వెనకవైపు బాల్‌పెన్‌తో ఏవో గీతలు. ఇంటర్నెట్‌లో చూసినట్టు గరుకు కాగితం కొన్నా. మధ్యాహ్నమంతా రుద్దా. ముందూ వెనకా. తెల్లగా తేలింది. అవిసె నూనె పట్టించా. కొత్త గ్రిప్ వేశా. ఫోటో తీసి స్టేటస్ పెట్టా. ఎనభై మంది చూశారు.

మర్నాడు గర్వంగా తీసుకెళ్లి పెదనాన్నకి చూపించా. ఆయన చేతిలోకి తీసుకుని ముందు భాగం చూడనేలేదు. నేరుగా వెనక్కి తిప్పాడు. కాసేపు చూశాడు. బొటనవేలితో పైనుంచి కిందకి ఒకసారి తడిమాడు.

"బాగ మెరుస్తుందిరా" అన్నాడు.

అప్పుడు పెద్దమ్మ లోపల్నుంచి, "స్కోర్లన్నీ దాని మీదనే రాసిపెట్టుకుండు గదా, ఉన్నయా ఇంకా?" అంది.

ఆడిన ప్రతి ఏరియా మ్యాచ్‌కీ ఆ బ్యాట్ వెనక రాసుకున్నాడంట. ఎవరి మీద, ఎవరు ఎన్ని కొట్టారు, ఏ ఏడాది. పుస్తకంలో ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ల జట్టు చరిత్ర నేను గరుకు కాగితంతో ఒక పూటలో తుడిచేశా. నేను 'ఏవో గీతలు' అనుకున్నవి అవి. స్టేటస్ ఫోటో కూడా ముందు వైపుదే.

సేకరణ చేసేవాళ్ల మొదటి సూత్రం ఇదేనని తర్వాత చదివా. ముట్టుకోకముందే అన్ని వైపులా ఫోటోలు తీయాలి. మురికి అనిపించేది ఏదీ తుడవకూడదు. మ్యాచ్ బ్యాట్‌లో విలువంతా ఆ మురికిలోనే ఉంటుంది. కొత్త బ్యాట్ కావాలంటే షాపుకి పోవాలి గానీ.

హాస్టల్‌కి తిరిగొచ్చాక మెకానికల్ దోస్త్ ఒకడు ఒక మాటన్నాడు. "విల్లో మెత్తటి చెక్క కదా, బాల్‌పెన్ ఒత్తి రాస్తే సిరా పోయినా గుంట ఉండాలిగా?" రాత్రి లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని బ్యాట్‌కి దాదాపు ఆనించి, పక్క నుంచి ఏటవాలుగా వేశాం. పాత రాతప్రతులు చదివేవాళ్లు, పోలీసు ల్యాబుల్లో వాళ్లు చేసే పద్ధతే ఇది. పై నుంచి వెలుతురు పడితే ఏమీ కనపడదు, పక్క నుంచి పడితే సన్నటి గుంటలో కూడా నీడ నిలుస్తుంది. చాలా చోట్ల ఏమీ లేదు, నేను బాగానే రుద్దా. భుజం దగ్గర, వంపులో కాగితం సరిగ్గా ఆననిచోట, రెండు లైన్లు తేలాయి. "రామగుండం - 23". ఇంకో దాంట్లో "బెల్లంపల్లి" అనే మాట, పక్కన 41, కింద 94 అని. రాత్రి రెండింటికి హాస్టల్‌లో మేము అరిచిన అరుపుకి వార్డెన్ లేచాడు.

ఆ 41 మా నాన్నది. ఫోన్ చేసి చదివితే వెంటనే చెప్పాడు. "నలభై ఒకటి కాదురా, నలభై మూడు. వాడు రెండు రన్లు లెగ్ బైస్ రాశాడు." ముప్పై ఏళ్ల నాటి గొడవ మళ్లీ మొదలైంది.

మిగతా ఐదు బ్యాట్లని ఇలా చూసుకుంటున్నా, మీకూ పనికొస్తుంది. మా వైపు ఎండాకాలం నలభై ఐదు డిగ్రీలు మామూలు, వెంటనే వానలు. చెక్క ఎండి పగులుతుంది, తర్వాత తేమ పీల్చి ఉబ్బుతుంది. పాలిథీన్ కవర్‌లో చుడితే లోపల బూజు పడుతుంది. పాత నూలు పంచె చుట్టి పెడుతున్నా. గోడకి ఆనించకూడదు, నేల మీద నేరుగా పెట్టకూడదు. చెదలు. ఒక బ్యాట్ అడుగు భాగం అట్లాగే తినేశాయి. పుచ్చు పురుగు ఉందంటే సన్నటి రంధ్రాలు, కింద పిండి రాలుతుంది. అలాంటిది మిగతా వాటితో కలపకూడదు. పగుళ్లకి ఫెవికాల్ పెట్టి బిగించొచ్చు గానీ, ఆ పగులు మ్యాచ్‌లో వచ్చిందైతే నేను ముట్టుకోను. నూనె ఏడాదికి ఒకసారి, ఒక టీ స్పూన్, గుడ్డతో ముందు భాగానికి మాత్రమే. ఎక్కువ పోస్తే చెక్క బరువెక్కి మెత్తబడుతుంది. హ్యాండిల్ జాయింట్‌కి అసలు తగలకూడదు, జిగురు ఊడుతుంది.

ప్రతి బ్యాట్‌కీ ఒక నోట్‌బుక్ పేజీ పెట్టా. పొడవు, బరువు, అంచు మందం, గీతలెన్ని, ఎవరింట్లో దొరికింది, వాళ్లేం చెప్పారు. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నా. ఎందుకంటే ఆ జట్టులో చాలామంది రిటైరైపోయారు, రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఖాళీ చేసేటప్పుడు లారీలోకి ముందు ఎక్కేది ఫ్రిజ్, బీరువా. బ్యాట్ ఎక్కదు. పీవీ కాలనీలో ఒకాయన ఇల్లు నేను వెళ్లడానికి నాలుగు రోజుల ముందే ఖాళీ అయింది. పక్కింటివాళ్లు "రెండు బ్యాట్లుండే బాబూ, చెత్త బండికి ఏసినం" అన్నారు.

పెదనాన్న దగ్గర ఇంకో బ్యాట్ ఉంది. జట్టు మొత్తం మీద ఉన్న ఒకే ఒక ఇంగ్లీష్ విల్లో, చందాలేసుకుని కొన్నది. అది పొయ్యి దగ్గర లేదు, బీరువా మీద దుప్పట్లో చుట్టి ఉంది. దాని వెనక కూడా రాత ఉంది, ఓడిపోయిన ఒక ఫైనల్ స్కోరు. నేను అడగలేదు, ఏ మొహంతో అడుగుతా? సెలవులకి వెళ్లినప్పుడల్లా చూసి వస్తున్నా. వచ్చే మార్చిలో ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోతున్నాడు.

మొన్న సంక్రాంతికి వెళ్తే దుప్పటి విప్పి బ్యాట్ బయటపెట్టి కూర్చుని ఉన్నాడు. పక్కన గిన్నెలో అవిసె నూనె, పాత బనీను ముక్క. "ఎంత పెట్టాలో చెప్పరా, ఇంజినీరూ" అన్నాడు. ఒక స్పూన్ అని చెప్పా. గుడ్డ తడిపి నా చేతికిచ్చాడు. నేను బ్యాట్ ఒళ్లో పెట్టుకుని ముందు భాగం మీద మెల్లగా రాయడం మొదలుపెట్టా.

"ఎనక దిక్కు ముట్టకు" అన్నాడు.